ఎక్కే బండికి దారి

బైకు వేసుకుని కొండలు తిరగడం మొదలుపెట్టిన కొత్తల్లో కళ్లద్దాల షాపు కుర్రాడికి ఒక సంగతి తెలియదు. ఒక్క బండి మాత్రమే పట్టే ఘాట్ రోడ్డు మీద రెండు బండ్లు ఎదురుపడితే ఎక్కే బండి ఆగదు, దిగే బండే వెనక్కి వెళ్లాలి. తెలియదు కనుకనే కొండ దిగుతూ, వంపు దగ్గర ఎక్కి వస్తున్న బ్రెడ్డు వ్యానుకు అడ్డంగా నిలబడి దర్జాగా హారన్ కొట్టాడు.

వ్యాను దిగిన అమ్మాయి మొదట వెనక చక్రం కింద ఒక రాయి పెట్టింది. ఆ తర్వాతే అతని వైపు చూసింది.

“హెల్మెట్ గారూ, వెనక్కి తీయండి.”

“బైకుకి రివర్స్ గేరు ఉండదండీ.”

“కాళ్లున్నాయి కదా?”

“మీ వ్యానుకి రివర్స్ గేరు ఉంది కదా?”

“ఉంది. ఇంతవరకు ఎవరికోసమూ వాడలేదు.”

ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. బైకుకు అటూ ఇటూ లగేజీ పెట్టెలు. సందులోంచి దూరే వీలే లేదు. అతను హ్యాండిలు పట్టుకుని వెనక్కి నడుస్తుంటే, ఆమె హెడ్‌లైటు మీద రెండు చేతులూ ఆనించి నెట్టింది. రోడ్డు కాస్త వెడల్పైన చోటు దాకా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, ఆయాసపడుతూ వెళ్లారు.

చినుకులు మొదలయ్యాయి. ఆమె వ్యానెక్కి, అతన్ని దాటి వెళ్తూ ఒక్కసారి హారన్ కొట్టింది. దారి ఇచ్చినవాళ్లకు అలా కొట్టి వెళ్లడం ఆ రోడ్డు మర్యాద. రెయిన్‌కోటు పెట్టెలోనే ఉన్నా మనవాడు తడుస్తూ అలాగే నిలబడిపోయాడు.

ఆ తర్వాత ఏ టూరుకు బయల్దేరినా బైకు ఆ రోడ్డు మీదికే తిరిగేది. బస ఆమె వాళ్ల బేకరీ మీది గదిలో. అతని తడిసిన గ్లౌజులు ఆమె పొయ్యి దగ్గర తీగ మీద ఆరేసేది. మీరు కాస్తా నువ్వు అయింది.

“మీ ఊళ్లో రోడ్లు లేవా బాబూ?” అని వాళ్ల నాన్న అడిగేవాడు.

“మీ బ్రెడ్డు బాగుంటుందండీ.”

“అదే బ్రెడ్డు మీ ఊళ్లోనూ దొరుకుతుందిలే” అనేవాడు పెద్దాయన, పిండి మీంచి తలెత్తకుండా.

ఒకసారి మాత్రం చెప్పేయాలనే వచ్చాడు. వంపు వంపుకీ ఆ మాటను హెల్మెట్ లోపల వల్లె వేసుకుంటూ వచ్చాడు. సాయంత్రం పొయ్యి దగ్గర నోరు తెరవబోతే ఆమే ముందు అందుకుంది.

“నాన్న నాకో సంబంధం చూశాడు. బజార్లో ఇనప సామాన్ల షాపాయన. నువ్వేమంటావ్?”

వద్దు అనాలి. ఒక్క మాట. కానీ అడ్డు చెప్పడానికి నేనెవర్ని అనుకున్నాడు, మహా పెద్దమనిషి.

“మంచివాడైతే చేసుకో.”

“ఆయన సంగతి నాకు తెలుసు. నేనడిగింది నీ సంగతి.”

“నాదేముంది, నువ్వు సుఖంగా ఉంటే చాలు.”

ఆమె తీగ మీది గ్లౌజులు తిప్పి వేసింది. కాసేపాగి మళ్లీ తిప్పింది. చివరికి తీసి అతని ఒళ్లో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

తర్వాతి సీజన్లో అతను వేరే కొండలు ఎక్కాడు. ఏ కొండ మీదా మనసు నిలవలేదు. షాపులో కూర్చుని, వచ్చినవాళ్లను ‘ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోందా’ అని అడుగుతుంటే తన మీద తనకే ఒళ్లు మండేది. ఆఖరికి ఉండబట్టలేక బయల్దేరాడు. ఈసారి ఆమె ఎదుట ఆ మాట అనకుండా తిరిగి రాకూడదనుకున్నాడు.

అదే వంపు. కింది నుంచి అదే వ్యాను. లోపల బ్రెడ్డు ట్రేల పక్కన కుళాయిలూ తలుపు బందులూ. పక్క రేకు మీద బేకరీ పేరు కింద కొత్త పెయింటుతో ఇనప సామాన్ల షాపు పేరు. అతను బైకు ఇంజను ఆపేశాడు.

ఆమె దిగి, చక్రం కింద రాయి పెట్టి వచ్చింది.

“పెళ్లయిందా?” అన్నాడు.

“పోయిన వానాకాలం. నువ్వెందుకొచ్చావ్?”

హెల్మెట్ తీశాడు. “ఆ రోజు వద్దని చెప్పాల్సింది. నువ్వంటే నాకు ప్రాణం. అది చెప్పడానికే వచ్చి, చెప్పకుండా పోయాను.”

ఆమె లోయ వైపు తిరిగింది.

“ఆ రోజు ఆ గ్లౌజులు ఎప్పుడో ఆరిపోయాయి. అయినా తిప్పుతూనే ఉన్నాను, ఆ మాట అంటావేమోనని.”

“ఇప్పుడు...”

“ఇప్పుడు ఆయనున్నాడు. నిజంగానే మంచివాడు. నీ సంగతి చెప్తే కోప్పడలేదు. ఆ అబ్బాయిని తడవని గ్లౌజులు కొనుక్కోమను అన్నాడు.” నవ్వబోయింది, కుదరలేదు.

అతను అలవాటుగా హ్యాండిలు పట్టుకున్నాడు. “సరే. ఎక్కే బండి నీది. నేను వెనక్కి తీస్తాను.”

“వద్దు. ఎప్పుడూ నువ్వే వెనక్కి వెళ్తావ్. గొడవంతా అదే కదా. ఈసారి నువ్వెళ్లు.”

ఆమె రాయి తీసేసింది. ఇంతవరకు ఎవరికోసమూ వాడని రివర్స్ గేరు వేసి, అద్దంలో చూసుకుంటూ, కింద రోడ్డు వెడల్పైన మరో చోటు దాకా మెల్లగా వెనక్కి దిగింది. మొదటి రోజులా నాలుగు మాటలు అనేసి ఉంటే అతనికి ఎంతో హాయిగా ఉండేది.

వ్యాను పక్కనుంచి దాటుతూ ఆమె వైపు చూశాడు. ఆమె స్టీరింగు వదల్లేదు, తల తిప్పలేదు. ఆ రోడ్డు మర్యాద అతనికి ఇప్పుడు బాగా తెలుసు. ఒక్కసారి హారన్ కొట్టాడు.

కింది వంపు దగ్గర బండి ఆపి విన్నాడు. చాలాసేపటి తర్వాత పైన వ్యాను స్టార్టయి, కొండెక్కుతున్న చప్పుడు వినిపించింది.