సిబ్బంది గదిలో గొంతు

ఆ చిన్న విమానాశ్రయంలో, నడవా చివర ఒక గది ఉంది. పైలట్లు నడుం వాల్చడానికని ఎప్పుడో కట్టారట. ఇప్పుడు పట్టపగలు కూడా అటు ఎవరూ తొంగిచూడరు. ఊడ్చే ఆవిడ చీపురు గుమ్మం ఇవతలే ఆగిపోతుంది.

"లోపల మగగొంతు ఏడుస్తుంది నాయనా... 'వచ్చేస్తున్నా, వచ్చేస్తున్నా' అంటుంది" అని గుండె మీద చెయ్యేసుకుని మరీ చెబుతుంది ఆవిడ.

డ్యూటీ దిగి ఇంటికి పోతూ దారిలోనే చనిపోయిన పైలట్ అట. ఇంకా ఇల్లు చేరలేదట...

ఆ గదిలో ఒక కో-పైలట్ రాత్రి గడపాల్సి వచ్చింది.

అతని ఇల్లు ఇంకో ఊళ్లో. ఆ సాయంత్రం ఆఖరి విమానంలో వెళ్లిపోవాల్సినవాడు. టై కూడా విప్పేశాడు. అంతలో ఫోన్ — డ్యూటీలు వేసే ఆఫీసు నుంచి.

"సార్, తెల్లవారుజాము ఫ్లైట్‌కి మనిషి లేడు. మీరే వెళ్లాలి."

"రేపు నాకు సెలవు కదండీ! మొన్నా ఇలాగే లాగేశారు."

"ఒంట్లో బాలేదని రాసుకోమంటారా? పైవాళ్లు ఎలాగూ అడుగుతారు... మీ ఇష్టం."

ఆ 'మీ ఇష్టం' ఎంత చేదో అందరికీ తెలుసు. కెప్టెన్ కావాలని వరసలో నిలబడ్డవాడు నోరెత్తడు. సరే అన్నాడు.

భార్యకి చెబితే ఆవిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "సరేలెండి" అంది... ముందే తెలిసినట్టు.

హోటల్ గది అడిగితే, 'కాగితాల మీద మీది ఈ ఊరే కదా' అన్నారు ఆఫీసువాళ్లు. ఆ ఊళ్లో నలుగురితో పంచుకునే అద్దె గదిలో ఆ రాత్రి మంచం ఇంకొకరిది. సొంత డబ్బు తీద్దామంటే, విమానం కదిలినంతసేపే జీతం. కాచుకు కూర్చున్నదానికి చిల్లిగవ్వ రాదు. హాల్లో కుర్చీలేమో మనిషి పడుకోకూడదని పట్టుబట్టి చేసినట్టున్నాయి.

అర్ధరాత్రి దాటాక, బ్యాగు ఈడ్చుకుంటూ ఆ నడవాలోకి నడిచాడు. దెయ్యమైనా సరే — కాస్త నిద్రపోనిస్తే చాలు.

తలుపు కిర్రుమంది. చీకటి. ముక్కిపోయిన వాసన. స్విచ్ నొక్కితే లైటు వెలగలేదు. తడుముకుంటూ తలుపు పక్క మంచం మీద వాలాడు. కన్ను మూతపడుతుండగా...

"వచ్చేస్తున్నా..."

ఊపిరి బిగబట్టాడు.

"ఏడవకు... వచ్చేస్తున్నా..."

బీరువా వెనక నుంచి. చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా. ఫోన్ లైటు వేశాడు — బీరువా అవతల ఇంకో మంచం. దాని మీద తెల్లచొక్కా... భుజాల మీద బంగారు చారలు... చెదిరిన తెల్లజుట్టు.

"లైటు ఆర్పవయ్యా, కళ్లలోకి!"

ఆ సాయంత్రం పక్క సీట్లో కూర్చుని విమానం దింపిన పెద్ద కెప్టెనే!

"సార్... మీరా? హోటల్‌కని వెళ్లారు కదా?"

"రోజూ అలాగే వెళతాను" అన్నాడాయన లేచి కూర్చుంటూ. "హోటళ్లకి సొంత డబ్బు పోసే ఓపిక ఎప్పుడో అయిపోయింది. ఎవరితోనూ అనకు. ఆ ఊడ్చే ఆవిడకి దెయ్యం కథ చెప్పింది నేనే. దెయ్యం ఉందంటే తప్ప ఈ ఉద్యోగంలో మనిషిని పడుకోనివ్వరు."

కో-పైలట్‌కి నవ్వొచ్చింది. చాన్నాళ్లకి నవ్వాడు. "కథ సరే సార్. రోజూ ఆ ఏడుపు కూడా ఎందుకు?"

"ఏ ఏడుపు?"

"అదే... 'వచ్చేస్తున్నా' అంటూ. ఇప్పుడే అన్నారు కదా."

పెద్దాయన భార్య ఆయన్ని వదిలేసి వెళ్లి ఏళ్లయిందని, పిల్లలు ఫోన్ కూడా ఎత్తరని కంపెనీలో అందరికీ తెలుసు.

"నేనా? ఇంట్లో ఎవరూ లేరు కదయ్యా..." అన్నాడాయన. "ఎవరితో అంటాను?"

ఆ తర్వాత ఇద్దరికీ నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున ఇద్దరూ మొహాలు కడుక్కుని, టైలు కట్టుకుని, ప్రయాణికులకి నవ్వుతూ నమస్కారం పెట్టారు.

కో-పైలట్ ఇల్లు చేరేసరికి ఇంకో వారం పట్టింది. అదీ రాత్రే. తన తాళంచెవితో తలుపు తీసి, బూట్లు చేతబట్టుకుని, పిల్లిలా లోపలికి అడుగుపెట్టాడు. నీళ్లకి లేచిందో ఏమో, గదుల మధ్య పాప నిలబడి ఉంది.

కదలకుండా చూస్తోంది.

"నేనే రా బంగారం, నాన్నని..." గుసగుసగా అంటూ చేతులు చాచాడు.

పాప ఒక అడుగు వెనక్కి వేసింది.

"కాదు... నాన్న ఫోన్లో ఉంటాడు" అంది.

అని, మెల్లగా లోపలికి వెళ్లి తలుపు మూసేసుకుంది.