సభ గంట ఆగలేదు

ఆ ఉదయం ఆకాశం ఉతికి పిండని దుప్పటిలా వేలాడుతోంది. వాన పడదు, ఎండ రాదు.

చీఫ్ గదిలో కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఎదురుగా నిలబడ్డ ఏజెంటుని శాఖలో అందరూ ముంగి అంటారు. అడిగితేగానీ మాట్లాడడు. అడిగినా సగమే.

“ఈరోజు సభలో లాబీయింగ్ బిల్లు ఓటుకొస్తోంది. సభ్యుల్ని కలిసేవాడు ఎవరి తరఫున వచ్చాడో బయటికి చెప్పాలి. సభ్యుల ఇంట్లోవాళ్లకి ఏ లాభమూ చేకూర్చకూడదు. విదేశీ ముఠాకి ఇది గొంతులో ముల్లు. రెండు పక్షాలూ సమానం. ఒక్క ఓటే తేలాలి.”

“ఎవరిది?”

“మీ అక్కది.”

ముంగి రెప్ప వాల్చలేదు.

“ముఠా మీ బావకి ఒక దొంగ కంపెనీలో సలహాదారు పదవి ఇచ్చింది. అక్కకి తెలీదు. నువ్వూ చెప్పకు, బెదిరిపోతుంది. ముఠాలో చేరిన మన డబుల్ ఏజెంట్ చూసుకుంటుంది. మెడలో ముత్యాల దండ. కోడ్ వర్డ్, ‘లిఫ్ట్ పనిచేస్తోందా?’ జవాబు, ‘మెట్లే నయం.’”

భుజాన నిచ్చెనతో, ఎలక్ట్రీషియన్ వేషంలో ముంగి సభాభవనంలో అడుగుపెట్టాడు. లాబీలో సోఫా వెనక గుండీ అంత ట్రాన్స్‌మిటర్ అంటించాడు. సెంటు వాసన ముందొచ్చింది, మనిషి తర్వాత.

“లిఫ్ట్ పనిచేస్తోందా?”

“మెట్లే నయం.” ముత్యాల దండ నవ్వింది. “అక్కగారి సంగతి నాకొదిలేసి, నువ్వు వెనక గేటు దగ్గర కాపలా ఉండు.”

వెనక గేటుకి ఎప్పుడో తాళం పడింది. ముంగి అది వచ్చేటప్పుడే చూశాడు. మలుపు తిరిగి, గంట పెట్టె కింద నిచ్చెన వేసుకుని ఎక్కాడు.

సభ గంట మోగింది. అది ఆగగానే తలుపులు మూస్తారు. ఆ తర్వాత మంత్రికైనా ప్రవేశం లేదు.

చెవిలోని రిసీవర్ పలికింది. “మేడమ్, మీ ఆయన కొత్త ఉద్యోగం...”

“ఏ ఉద్యోగం?” అక్క గొంతు.

ముత్యాల దండ ఆ కంపెనీ పేరూ, పదవీ తీరిగ్గా చెప్పింది. “గంట ఆగేదాకా ఇక్కడే కూర్చోండి, చాలు. లేదంటే పేపర్లకెక్కుతుంది.”

మన ఏజెంటే ముఠాకి అమ్ముడుపోయింది. ముంగి పెట్టె విప్పి, పొడుగాటి వైరు ముక్కతో రెండు వైర్లు కలిపేశాడు.

గంట ఆగలేదు.

“ఏమయ్యా, ఏంటీ మోత?” తలుపు దగ్గర జవాను అరిచాడు.

“రిపేరు.”

ఆ వైరు కొస చేత్తో పట్టుకునే నిచ్చెన దిగి సోఫా ముందుకొచ్చాడు. అక్క మొహం పాలిపోయి ఉంది.

“నీకు తెలుసురా?”

“పొద్దున్నే తెలిసింది.”

“మరి నన్నాపడానికొచ్చావా?”

“గంట ఆగకుండా చూడ్డానికొచ్చా.”

“నవ్వులపాలవుతారు మేడమ్!” ముత్యాల దండ గొంతు మారింది.

అక్క లేచింది. “పేపర్ల దాకా ఎందుకమ్మా? నేనే చెబుతా. ముందు నువ్వు చెప్పు, ఎవరి తరఫున వచ్చావ్?”

జవాబు కోసం ఆగకుండా అక్క సభ గుమ్మం దాటింది. ముంగి ఒక చేత్తో వైరు లాగి, రెండో చేత్తో ముత్యాల దండ మణికట్టు పట్టుకున్నాడు. గంట ఆగింది. తలుపులు మూసుకున్నాయి.

లోపల అక్క గొంతు స్పీకర్లలో వినిపించింది. “అధ్యక్షా, బిల్లు ఇంకా చట్టం కాలేదు. అయినా మా ఇంటి నుంచే మొదలుపెడుతున్నా.” భర్త పదవి, ఇచ్చిన కంపెనీ పేరు, అడిగిన బేరం, ఏదీ దాచలేదు.

“సిగ్గు! సిగ్గు!” కేకలు లేచాయి.

“సిగ్గే. అందుకే బిల్లుకి ఓటేస్తున్నా.”

ఒక్క ఓటుతో బిల్లు నెగ్గింది.

మధ్యాహ్నం ఇంట్లో బావే వండాడు, బావే తలొంచుకుని వడ్డించాడు. అక్క కంచంలోంచి చూపు ఎత్తలేదు. ముగ్గురూ తిన్నారు. కూరలో ఉప్పు లేదు. ముఠా మనిషిని పట్టుకున్న ముంగికి ఆ ఉప్పు సంగతి బయటపెట్టే ధైర్యం మాత్రం లేకపోయింది.