గాలికెదురు విసిరిన యాసిడ్

"వినయ్ కుమార్‌కి ఇంకా చూపు రాలేదు. నువ్వు మాత్రం కళ్లతో తిరిగి రా," అంది చీఫ్ అరుణకుమారి.

మార్కాపురం స్టేషన్ బయట, అద్దాలు ఎక్కించిన కారులో జరిగిన బ్రీఫింగ్ అది. ఏజెంట్ తిమోతి పళ్లు బిగించి విన్నాడు. వినయ్ అతని పార్ట్‌నర్ మరి. డిఫెన్స్ ల్యాబ్ నుంచి ఒక మిసైల్ గైడెన్స్ చిప్ మాయమైంది. దాన్ని ఈ సాయంత్రమే పలకల ఎక్స్‌పోర్ట్ లోడులో చెన్నై హార్బర్‌కు తరలించాలని ఒక విదేశీ ముఠా ప్లాన్. దాన్ని వెతుక్కుంటూ గిద్దలూరు రోడ్డులోని పలకల ఫ్యాక్టరీలో అడుగుపెట్టిన వినయ్ కళ్లలో ఆక్సాలిక్ యాసిడ్ పడింది. రాతి మీద తుప్పు మరకలు వదిలించే తెల్లటి స్ఫటికాలవి. చూస్తే పంచదారే అనుకుంటాం, తగిలితే గానీ దాని సంగతి తెలియదు. గాగుల్స్ పెట్టుకోలేదని, అంతా యాక్సిడెంటేనని రిపోర్ట్ పంపింది పావని. పావని అంటే ఎక్స్‌పోర్ట్ మేనేజర్ వేషంలో ముఠాలో చేరి మనకు రహస్యాలు చేరవేస్తున్న మన ఏజెంట్.

"ఆమెను నమ్మొచ్చా మేడం?"

"నమ్మినట్టు కనిపించు."

తిమోతి ఫ్యాక్టరీల సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ అవతారమెత్తాడు. దొంగ బొజ్జ, దొంగ మీసం, దొంగ ఐడీ కార్డు. దళసరి ఫ్రేము కళ్లజోడు మాత్రం ల్యాబ్ వాళ్లు ప్రత్యేకంగా చేసిచ్చింది. చూడ్డానికి గుమాస్తా జోడు, పెట్టుకుంటే చుట్టూ దుమ్ము కూడా దూరని గాగుల్స్.

ఆదివారం కావడంతో ఫ్యాక్టరీలో పనివాళ్లెవరూ లేరు. నెమలికంఠం రంగు షిఫాన్ చీర, తలమీదికి ఎక్కించిన నల్లద్దాలు, ముందు సెంటు వచ్చి ఆ వెనక తను వచ్చింది పావని. అందగత్తే, కాదనడం అబద్ధం. చూసీ చూడగానే తిమోతికి ఒళ్లు మండింది.

"పలక మీద గీత పడిందంట గదా?" అన్నాడు కోడ్ ప్రకారం.

"తడిగుడ్డతో తుడిస్తే పోయింది సార్."

కోడ్ సరిపోయింది. చిప్ యాసిడ్ డ్రమ్ములో, పాలిథీన్ కవరులో పూడ్చి ఉందని, లోడు కదిలేలోపు చెయ్యి పెట్టి తీసుకొమ్మని గుసగుసగా చెప్పింది. చేతికి గుడ్డ గ్లోవులు అందించింది. గుడ్డకి చెమట పడితే యాసిడ్‌ను పీల్చి చర్మానికి పట్టిస్తుంది, ఆ చేత్తో ముఖం తుడుచుకుంటే కళ్లకూ పట్టిస్తుంది. తిమోతి వాటిని పక్కనపడేసి తన రబ్బరు గ్లోవులు తొడిగాడు. వడగాలి వాకిట్లోంచి లోపలికి కొడుతోంది. పొడి యాసిడ్ మూత తీసేవాడు గాలి వీపుకు తగిలేట్టు నిలబడాలి. అతను వాకిలికి వీపు పెట్టి నిలబడ్డాడు. పావని సాయం చేస్తానంటూ డ్రమ్ముకు అవతల నిలబడి మగ్గుతో యాసిడ్ తోడింది.

"వినయ్‌కి గూడా ఈ గుడ్డ గ్లోవులే ఇచ్చినావా?" అన్నాడు తిమోతి.

ఆమె ముఖంలో నవ్వు ఆరిపోయింది. మగ్గెడు యాసిడ్ అతని ముఖాన విసిరింది. వడ్లు తూర్పారపట్టే ఇంట్లో పుట్టిన పిల్ల, పొడిని గాలికెదురు విసరకూడదని కోపంలో మర్చిపోయింది. గింజలు కొన్ని అతని గాగుల్స్‌కు తగిలి రాలాయి. సన్నపొడి అంతా వెనక్కి తిరిగి ఆమె కళ్లలోనే పడింది.

పావని కేక పెట్టి కళ్లు నలుపుకోబోయింది. తిమోతి ఆమె చేతులు వెనక్కి విరిచి కుళాయి దగ్గరికి లాక్కెళ్లాడు. తిప్పితే గాలి తప్ప చుక్క రాలేదు.

"ట్యాంకు ఖాళీ చేయించినా," అంది ఆమె పళ్లు కొరుకుతూ. "నీకు నీళ్లు దొరకగూడదని."

ఆఫీసు గదిలో ఒక మినరల్ వాటర్ క్యాన్, అడుగున కాసిని నీళ్లు. అది పట్టుకుని తిమోతి ఒక్క క్షణం ఆగాడు. మండి చావనీ, వినయ్ ఉసురు తగిలింది అనిపించింది, దాచడమెందుకు. ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది. ఆమె తల పక్కకి వంచి, రెప్పలు విడదీసి, ముక్కు వైపు నుంచి బయటికి ధార పోశాడు.

ఆ నీళ్లు పోయించుకుంటూనే తిట్టింది పావని.

"లారీ ఇప్పుడే పోయింది. చిప్పు దాంట్లోనే ఉంది. నువ్వు ఈడ నా మొగం కడుగుతా కూచో."

చెక్‌పోస్టుకు ఫోన్ చేయొచ్చు, కానీ ఏ లారీ అని చెప్పాలి? ఆ రోడ్డంతా పలకల లారీలే, ఆమె నంబరు చెప్పదు. ఈలోగా క్యాన్ ఖాళీ అయింది.

"ఇంకా మండతాంది. పొయ్యి."

"అయిపోయినాయి."

"సోడా ఉప్పన్నా పొయ్యి, యాసిడ్‌ని ఇరగ్గొడతాది..."

"కంట్లోకి నీళ్లు తప్ప ఇంకేదీ పోయగూడదు. పావుగంట ఆపకుండా పోయాల. సగం గూడా కాలేదు. ఆస్పత్రికి పొయ్యేలోపల చూపు పోతాది. దగ్గర్లో నీళ్లు యాడున్నాయో నువ్వే చెప్పు."

ఆమెకు తెలుసు. చెన్నై దాకా పోవాల్సిన డ్రైవర్ నరేష్ క్యాబిన్‌లో నిండు క్యాన్లు వేసుకుని వెళ్లాడు.

"బండి వెనక్కి పిలిస్తే వాళ్లు నన్ను బతకనియ్యరు," అంది.

"కళ్లుంటే గదా పారిపోయేది."

పావని తడుముకుంటూ ఫోన్ తీసి అతని చేతిలో పెట్టింది. అతను అందులో నరేష్ పేరు వెతికి నొక్కి, ఆమె చెవి దగ్గర పట్టుకున్నాడు.

"నరేష్, బండి తిప్పు. నీళ్ల క్యాన్లు తీసుకోనిరా. ఏంది అని అడగొద్దు."

లారీ అప్పటికింకా హైవే మలుపు దాటలేదు. రివర్స్ గేరులో రొద చేస్తూ వచ్చింది. రెండు భుజాల మీద రెండు క్యాన్లతో పరిగెత్తుకొచ్చిన నరేష్ కణతకు తిమోతి పిస్టల్ ఆనించాడు. పారిపోదామంటే చేతులు ఖాళీ లేవు పాపం. ఆ రెండు క్యాన్లూ అతనితోనే పోయించి, అంబులెన్సు వచ్చాక, పలకల కట్టలో చెక్క ఫ్రేము చీల్చి చిప్ బయటికి తీశాడు.

రాత్రి చీఫ్ ఫోన్ చేసింది. పావని చూపు నిలుస్తుందని డాక్టర్లు చెప్పారట.

"అలాంటిదానికి కళ్లెందుకు దక్కాలి తిమోతీ?"

"కోర్టులో వినయ్ ఎదురుగా నిలబడాలి కదా మేడం. ఇద్దరిలో ఒకరికైనా అవతలి మనిషి కనబడాలి."