జవాబు గంట

విష్ణువర్ధన్ ఈ సంగతిని నాకు రెండుసార్లు చెప్పాడు. మొదటిసారి ఆ రోజు వాన కురుస్తోందన్నాడు. రెండోసారి వాన వెలిసి రెండు రోజులైందన్నాడు. అప్పుడే రాసిపెట్టుకోవలసింది, పెట్టుకోలేదు. కనుక ఇందులో కొంత అతని జ్ఞాపకం, కొంత నాది. ఆ రెండింటి మధ్య చేరిన మసక ఎంతో నేను చెప్పలేను. గంట ఎన్నిసార్లు మోగిందన్న లెక్క ఒక్కటి మాత్రం రెండుసార్లూ మారలేదు.

గోదావరిఖనికి కాస్త ఎడంగా, బొగ్గు అయిపోయి మూతకు సిద్ధమైన పాత గని, అక్కడివాళ్ళ మాటలో బాయి, అది. ఏటవాలుగా లోపలికి దిగే దారి మొగదలలో హాలేజీ గది. అందులోని మోటారు ఇనుపతాడును చుట్టుకుంటూ పట్టాల మీది బొగ్గు బండిని, అంటే టబ్బును, పైకి లాగుతుంది, వదులుతూ కిందికి దించుతుంది. గ్రీజు, తడిసిన గోనెసంచి, ఏళ్ళనాటి బొగ్గుమసి కలిసిన వాసన ఆ గోడలతో పాటే పుట్టినట్టుంటుంది. పట్టపగలు కూడా అక్కడ దీపం వెలగవలసిందే.

ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ మోటారు పిడి పట్టినవాడు సదయ్య. లోపలి మనిషి గోడ వెంట సాగే తీగను గుంజితే పైన గంట మోగుతుంది. ఒకటైతే ఆపు, రెండైతే దించు, మూడైతే లాగు. విన్నవాడు పిడి ముట్టే ముందు అదే లెక్కను తిరిగి లోపలికి కొట్టాలి. అది జవాబు గంట. జవాబు వెళ్ళిందంటే మాట ఇచ్చినట్టే.

విష్ణువర్ధన్ జ్యోతినగర్‌లో పెరిగిన ఇంజనీరు కొడుకు, ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాస్తాడు. అరచేతిలో ఇమిడే సర్క్యూట్ బోర్డు, దానికి తొడిగిన టచ్ స్క్రీన్ తెచ్చాడు. పాత గంట నుంచి విప్పిన తీగను బోర్డుకు తగిలిస్తే తెర మీద గంట బొమ్మ ఊగుతుంది, పక్కన లెక్క పడుతుంది, చిన్న స్పీకరు మోగుతుంది. మూతపడే బాయిలో ఇది పరీక్ష. నెగ్గితే మిగతా బాయిలకూ వెళుతుంది. అతను ముచ్చటపడి చేర్చిన ఏర్పాటు ఇంకొకటి ఉంది: ఏ లెక్క వచ్చినా, ఎవరూ ముట్టకుండానే, బోర్డే జవాబు కొడుతుంది.

సదయ్యకు అది నచ్చలేదు. ఎవరు కొట్టిండ్రో ఆలోచన చెయ్యకుండ మిషిన్ జవాబు ఎట్ల ఇస్తదని అడిగాడు. మీరు కునుకు తీసినా అది తీయదు కదండీ అని విష్ణువర్ధన్ నవ్వాడు.

"ముప్పై ఎనిమిదేండ్లల్ల కునుకు తియ్యలే సారూ. ఇప్పుడు తియ్యమంటె సంబురంగ తీస్త."

ఆ పొద్దున లింగమూర్తి ఒక్కడే లోపలికి దిగాడు, చివరి పంపు విప్పుకు రావడానికి. తోడు పోవలసిన మనిషి డ్యూటీకి రాలేదు. పంపు ఆగిన క్షణం నుంచి నీళ్ళు పెరుగుతాయి. మధ్యాహ్నం రెండింటిలోగా అతను పైకి రాకపోతే దారి మునుగుతుంది. లోపలి ఫోను వారం నుంచి మూగపోయి ఉంది. అతనికీ పైవాళ్ళకూ మిగిలింది గంట ఒక్కటే.

పన్నెండు దాటాక తెర మీద గంట ఊగింది.

విష్ణువర్ధన్ తృప్తిగా చూశాడు. బొమ్మ ఆగలేదు. మూడు దాటింది. ఇంకా ఊగింది... ఆగింది. వెంటనే బోర్డు అదే లెక్కను తిరిగి కొట్టింది.

సదయ్య చేతిలోని బీడీ కింద పడింది.

"జవాబు ఇచ్చిందా సారూ?"

ఇచ్చిందన్నాడు విష్ణువర్ధన్. ఆ లెక్క తన పట్టికలో లేదని, ఏమిటది అని అడిగాడు.

"ఇప్పటోళ్ళకు తెల్వదు," అన్నాడు సదయ్య మెల్లగా. "పానం పోయినోన్ని పైకి తెచ్చేటప్పుడు కొట్టే గంట. టబ్బు కుదపకుండ గుంజాలె."

లోపల ఉన్నది లింగమూర్తి ఒక్కడే. చచ్చినవాడు తన గంట తాను కొట్టుకోడు. సదయ్య పిడి మీద చెయ్యి వేశాడు. తాడు బిగిసింది. ఖాళీ టబ్బుకు సున్నా దగ్గరే ఉండే బరువు ముల్లు లేచి నిలబడింది. మనిషి బరువే.

విష్ణువర్ధన్ ప్రోగ్రాము తనంతట తాను రాసుకునే చిట్టా తెరిచాడు. పొద్దుటి నుంచీ ఒకే వాక్యం: తెర నడిపే ప్రోగ్రాముకు తీగలు ముట్టే అనుమతి లేదు, ఉత్తుత్తి గంటలతో నడుస్తున్నాను. ఇంట్లో లాప్‌టాప్‌కు గంటతీగ ఉండదు కనుక, పరీక్ష కోసం అతనే ఆ ఉత్తుత్తి గంటలు రాశాడు. ఇక్కడ అనుమతి ఇవ్వడం మరిచాడు. బోర్డు ఫిర్యాదు చేయకుండా నాటకంలోకి జారుకుంది. అంటే లింగమూర్తి ఎన్ని గంటలు కొట్టినా ఒక్కటీ పైకి వచ్చి ఉండదు.

అతను రాసినవి ఒకటి, రెండు, మూడు. అంతే. ఈ లెక్క అతను రాయలేదు.

వంగి బోర్డు కిందికి చూశాడు. గంటతీగ కొస టేపు చుట్టి గాలిలో వేలాడుతోంది. తగిలించనే లేదు.

"ఆపండి సదయ్య గారూ. అది గంట కాదు. ఆ మనిషి పట్టాల మీద ఉన్నాడేమో..."

"జవాబు పోయింది సారూ." సదయ్య కళ్ళు ముల్లు మీదే ఉన్నాయి. "నడుమ ఆపితె... నడుమనే ఉంటడు."

విష్ణువర్ధన్ అనుమతి ఇచ్చాడు. తీగ తగిలించాడు. బోర్డును మళ్ళీ లేపాడు. ఈసారి నిజమైన తీగ, నిజమైన గంట. చెవి పెట్టి విన్నాడు. తాడు గ్రీజులో జారే చప్పుడు. ఎక్కడో నీటిచుక్క. గంట లేదు... ఇంకా లేదు...

వాకిట్లో నీడ పడింది.

లింగమూర్తి. మోకాళ్ళ దాకా తడి, బుర్ర మీద దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. నడకదారి మెట్లెక్కి వచ్చాడు. గోడకు ఆనుకొని ఊపిరి తీసుకొని, తిట్లు అందుకున్నాడు.

"గంట గుంజి గుంజి రెక్కలు పోయినయి కాకా. ఒక్క జవాబు లేదు. నీళ్ళు కాళ్ళకెక్కినయి, నడుసుకుంట వచ్చిన." అని ఆగాడు. "మెట్లెక్కుతుంటె జవాబు గంట ఇనబడ్డది. కని అది నాకు కాదు. నేను గట్ల కొట్టలే."

సదయ్య అతన్ని పైనుంచి కింది దాకా చూశాడు. ప్రాణం కుదుటపడిన చూపు ఒక్క క్షణం. మరు క్షణం ముగ్గురి కళ్ళూ తాడు మీదికి మళ్ళాయి.

"మరి టబ్బుల ఎవరున్నరే?" అన్నాడు లింగమూర్తి, చాలా సన్నగా.

తాడు వస్తూనే ఉంది. మనిషి బరువుతో, మెల్లగా.

టబ్బు వెలుతురులోకి వచ్చి ఆగింది. ఖాళీ. అడుగున వేలి మందాన నల్లటి నీళ్ళు. ముల్లు మాత్రం దిగలేదు. సదయ్య చెప్పులు విడిచాడు. టబ్బు దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాడు, ముసలివాణ్ణి బస్సు దింపేటప్పుడు చాపినట్టు. ఏదో అన్నాడు. ముల్లు నెమ్మదిగా సున్నాకు పడింది. టబ్బులోని నీటిలో వలయాలు లేచి, అంచుల దాకా వెళ్ళి, ఆగిపోయాయి.

విష్ణువర్ధన్ బోర్డును ఊడదీసి సంచిలో వేసుకున్నాడు. సాయంత్రం భోజనాల బల్ల దగ్గర భార్య చంద్రమతి కూర వడ్డిస్తూ, ఏమిటండీ ఆ కొట్టడం అంది. అప్పుడు గాని అతనికి తెలియలేదు, తన చూపుడువేలు బల్ల మీద ఆ లెక్కే కొడుతోందని. చేతిని ఒళ్ళో దాచుకున్నాడు.

"తలుపు ఎవరో కొడుతున్నారు, చూడండి," అంది చంద్రమతి.

అతను లేవలేదు. లెక్కపెడుతున్నాడు.

జ్ఞాపకం మీద అనుమానం ఉందని మొదట్లో చెప్పాను. ఆ అంకె మీద లేదు. అది నాకు బాగా తెలుసు, కావాలనే రాయలేదు. అంకె కనబడితే చదివేవారి వేలు ఊరికే ఉండదు, దగ్గరున్న బల్ల మీద ఒకసారి కొట్టి చూస్తుంది. ఆ పిలుపు ఎవరికి చేరుతుందో, అక్కడి నుంచి ఎవరు జవాబిస్తారో నాకు తెలియదు. నేను ఒకసారి కొట్టి చూశాను. ఆ తర్వాత జరిగింది కూడా ఇందులో రాయలేదు.