నలభై నిమిషాల ఛార్జింగ్

బ్రీఫింగ్ గదిలో ఏసీ ఆపేశారు, చప్పుడు అడ్డం వస్తోందని. పెద్దాయన టేబుల్ మీద చిన్న స్పీకర్ పెట్టి మీట నొక్కాడు.

ముందు ఏదో యంత్రం హోరు. తర్వాత చిన్న దగ్గు. ఆ తర్వాత నూతిలోంచి వచ్చినట్టు ఒక మగ గొంతు. "ఆ కారు పాత బస్ డిపోలో ఉంది, మూడో షెడ్డు. తాళాలు రెండే..." మళ్ళీ హోరు. అంతే, మొత్తం పద్నాలుగు సెకన్లు.

ఎదురుగా ఒక ఏజెంట్ కూర్చున్నాడు. ఆఫీసంతా అతన్ని మూగాయన అంటారు. ఒకప్పుడు పరాయి దేశపు చీకటి గదిలో పదకొండు రోజులు ఉంచి, ఎన్ని రకాలుగా అడిగినా పెదవి విప్పలేదని వచ్చిన పేరు అది. శిక్షణకు వచ్చే కుర్రాళ్ళకు అతని కథ పాఠంగా చెబుతారు. అలాంటి మూగాయన ఆ టేపులో గొంతు వినగానే గుర్తుపట్టాడు. అది అతని గొంతే.

పెద్దాయన బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. రేపు సభలో ఓటింగ్. ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్ళకు ధరలో నాలుగో వంతు ప్రభుత్వం ఇవ్వాలా వద్దా అని మూడు నెలలుగా కొట్టుకుంటున్నారు. రేపు ఉదయం తొమ్మిదిన్నరకు మంత్రి స్వయంగా మనవాళ్ళు షెడ్డులో దాచిపెట్టిన చిన్న ఎలక్ట్రిక్ కారు నడుపుకుంటూ ఎగ్జిబిషన్ గ్రౌండ్ నుంచి సభకు వెళతాడు. ఎనిమిది కిలోమీటర్లు, దారి పొడుగునా కెమెరాలు. ఆ కారును దారిలో తగలబెట్టాలని ఒక విదేశీ ముఠా పథకం. ముఠాకు డబ్బిచ్చేది పెట్రోలు అమ్మేవాళ్ళో, మనకంటే ఖరీదైన బ్యాటరీలు అమ్మేవాళ్ళో ఇంకా తేలలేదు. ముఠాలో మన మనిషి ఒకరున్నారు. కోడ్ నేమ్ ప్లగ్. ఈ టేపు ప్లగ్ పంపినదే. ప్లగ్ నిన్ను కలిస్తే 'ఎంత శాతం దాకా?' అని అడుగుతారు. 'ఎనభై చాలు, ఆ పైన ఆశ' అని నువ్వు జవాబు చెప్పాలి.

"షెడ్డు సంగతి తెలిసింది నలుగురికి. నాకు, మంత్రికి, సెక్యూరిటీ హెడ్‌కి. నాలుగో మనిషి ఆ కారు తయారు చేసిన ఇంజనీర్," అన్నాడు పెద్దాయన. "మీ బావ."

మూగాయన తల ఊపాడు.

"మీ బావ నీకెప్పుడైనా చెప్పాడా ఆ షెడ్డు గురించి?"

చెప్పడమేమిటి, చేయి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాడు. కొత్తగా పుట్టిన బిడ్డను చూపించినట్టు గుడ్డ తొలగించి మరీ చూపించాడు. అవునంటే బావ ఇరుక్కుంటాడు కదా అనుకున్నాడు మూగాయన. సిగ్గుమాలిన పని చేసేటప్పుడు మనిషికి ఇలాంటి మంచి కారణం ఎక్కడి నుంచో దొరుకుతుంది.

"లేదు సార్," అన్నాడు.

"అయితే సాయంత్రం ఆయన్ని తీసుకొస్తాం. కారు సంగతి ఆయన అసిస్టెంట్ చూసుకుంటాడు. నువ్వు ఈ గొంతు ఎవరిదో పట్టుకో."

తన గొంతును తానే పట్టుకునే అసైన్‌మెంట్ సంతకం పెట్టి తీసుకుని మూగాయన బయటికొచ్చాడు.

జరిగింది ఇదీ. మూగాయనకు ఒక పాత ఎలక్ట్రిక్ కారుంది. శనివారాలు మెయిన్ రోడ్డు మీది ఛార్జింగ్ స్టేషన్‌లో పెడతాడు. నలభై నిమిషాలు పడుతుంది. పెట్రోలు బంకులో మనుషులు మాట్లాడుకోరు, అంత టైముండదు. ఛార్జింగ్ దగ్గర అలా కాదు, నలభై నిమిషాలు ఎదురెదురుగా నిలబడితే రాయి కూడా నోరు విప్పుతుంది. పక్క పాయింట్‌లో ఎర్ర కారు పెట్టే ఒకావిడ మూడు శనివారాలు కలిసింది. నల్ల కళ్ళద్దాలు, తీరైన మాట. ఆవిడ అతని ఊరూ పేరూ అడగలేదు, ఉద్యోగం అడగలేదు. అడిగితే జాగ్రత్తపడేవాడే. ఆవిడ కేవలం వాదించింది.

"పన్ను కట్టేదేమో బస్సులో వేలాడేవాళ్ళు, తగ్గింపు మాత్రం కారు కొనుక్కునే మనకా? మీకు సిగ్గనిపించదా?" అంది మూడో శనివారం.

మూగాయన సర్దిచెప్పబోయాడు. పొగ అన్నాడు, ఊపిరితిత్తులు అన్నాడు. కరెంటు కూడా ఎక్కడో పొగలోంచే వస్తుందంది ఆవిడ. అతనికి ఒళ్ళు మండింది. బస్సులో వేలాడేవాళ్ళ కోసమే ఒక కారు తయారైంది, సగం ధరకు వస్తుంది, ఈ సాయం అందకపోతే అది షెడ్డు దాటదు అన్నాడు. అలాంటి కారు లేదంది ఆవిడ, నవ్వుతూ. ఆ నవ్వు దగ్గర చిన్నగా దగ్గి, ఆ కారు ఎక్కడుందో చెప్పేశాడు. పదకొండు రోజులు గోళ్ళ కింద సూదులు ఓర్చుకున్న మనిషి, వాదనలో ఓడిపోవడం ఓర్చుకోలేకపోయాడు.

సాయంత్రం నాలుగింటికి బావను తీసుకెళ్ళారు. అయిదింటికి అక్క ఫోన్ చేసింది.

"ఆయన ఎవరికీ చెప్పలేదంటే చెప్పలేదురా. నీకు తెలుసుగా ఆయన సంగతి. మంత్రి పక్కన కూర్చోవాలని చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించుకున్నాడు. అది అలాగే ఉంది. నీకు తెలిసినవాళ్ళతో ఒక్క మాట చెప్పు."

"కనుక్కుంటానక్కా," అన్నాడు. ఆమె మళ్ళీ చేసింది. మళ్ళీ అదే అన్నాడు. నాలుగో ఫోన్ తర్వాత అద్దంలో మొహం చూసుకోవడానికి ఇష్టం లేక లైటు వెయ్యకుండానే మొహం కడుక్కున్నాడు.

మర్నాడు ఎనిమిదింటికల్లా ఛార్జింగ్ స్టేషన్‌లో కొత్త అటెండెంట్ చేరాడు. పసుపు జాకెట్, అతికించిన మీసం, గాడ్జెట్ సెక్షన్ వాళ్ళు ఇచ్చిన కళ్ళజోడు. దాని కాడలో ఫోన్ ఉంది. అద్దాల్లోంచి ఫోటోలు కూడా తీయొచ్చు, కానీ అవి పెట్టుకుంటే మెట్లు కనబడవు. మంత్రి కారు దారిలో ఇక్కడే రెండు నిమిషాలు ఆగుతుంది, కెమెరాల కోసం. ఆవిడ రాకుండా ఉండదని అతని లెక్క.

తొమ్మిదీ ఇరవైకి ఎర్ర కారు వచ్చింది. ఆవిడ దిగి, అతని మీసం వైపు జాలిగా చూసింది.

"ఎంత శాతం దాకా?" అంది.

"ఎనభై చాలు, ఆ పైన..." అని, ఆగిపోయాడు.

"ఆశ," అని ఆవిడే పూర్తి చేసింది.

ప్లగ్ ఈవిడే. ముఠా చేయించిన రికార్డింగ్‌ను ఆఫీసు చెవిన పడేలా చూడమని ముఠాయే అంటే, ఎందుకో తెలియకుండానే చేర్చింది, అటు నమ్మకం పోకూడదు కాబట్టి. ఆ గొంతు ఎవరిదో తనకు తెలియదని రాసింది.

"వినగానే మీరే చెప్పుకుంటారనుకున్నా. అంత పేరున్న మనిషి కదా," అంది. అతను నేల చూపులు చూశాడు.

ఆవిడ మిగతాది వేగంగా చెప్పింది. ముఠాకు షెడ్డుతో అసలు పనే లేదు. టేపు అందాక దాని చుట్టూ పన్నెండు మంది గార్డుల్ని పెట్టారు. వాళ్ళకు కావలసింది ఇంజనీర్‌ను తప్పించడం. తప్పిస్తే అతని చోట అసిస్టెంట్ వస్తాడు, ఆ అసిస్టెంట్ నెల నుంచి ముఠా మనిషి. ఈ సంగతి తనకు పొద్దునే తెలిసింది. బ్యాటరీని చల్లబరిచే పంపు ఆగిపోయేలా వాడు, మీటరు మాత్రం అంతా బాగుందని చూపించేలా చేశాడు. బయల్దేరిన ఇరవై నిమిషాలకు మంట.

"మీ బావని పక్కకి తప్పించింది వాళ్ళు కాదు. మీ ఆఫీసు," అంది. 'మీరు' అనలేదు, మర్యాద కొద్దీ.

మూగాయన పెద్దాయనకు ఫోన్ కలిపాడు. కారు ఆపమన్నాడు. పెద్దాయన ఆపలేనన్నాడు. మంత్రి ఇప్పుడే స్టీరింగ్ పట్టుకున్నాడు, అసిస్టెంట్ అన్నీ సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టాడు, ఊరికే ఆపితే కారులో లోపముందని బిల్లు పోతుంది. కారు గురించి చెప్పగలిగిన ఒక్క మనిషీ దేశద్రోహి అనుమానంతో లోపలున్నాడు.

"ఆయన కాదు సార్. ఆ గొంతు నాది."

"ఏమన్నావు?" అన్నాడు పెద్దాయన.

"షెడ్డు నాకు తెలుసు. నిన్న మీరడిగితే అబద్ధం చెప్పాను. భయమేసి కాదు, సిగ్గేసి."

పెద్దాయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "మీ బావని లైన్‌లో పెడతాను. నువ్వు ఆ కారెక్కు," అన్నాడు.

తొమ్మిదీ నలభైకి చిన్న తెల్ల కారు స్టేషన్‌లోకి వచ్చింది. మంత్రి చేయి ఊపాడు. కెమెరాలు మూగాయి. ఆ సందట్లో పక్క సీట్లోంచి అసిస్టెంట్ దిగి, వెనక కారులో వస్తానని గార్డులకు చెప్పాడు. తాను వండిన కూర తాను తినని వంటవాడిని ఇంకేమని అనుమానించాలి! ఎర్ర కారు ఆవిడ దారి కనుక్కోవాలన్నట్టు అతనికి అడ్డంగా నిలబడి, రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులకు సంకెళ్ళు పడ్డాయని అతనికి అర్థమయ్యేసరికి పసుపు జాకెట్ మనిషి గార్డుకు కార్డు చూపించి మంత్రి పక్కన కూర్చున్నాడు.

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడు మంత్రి, కారు కదిలిస్తూ. మూగాయన రెండు ముక్కల్లో చెప్పాడు. మంత్రి మీటరు వైపు చూపించాడు. అంతా ఆకుపచ్చగా ఉంది. ఇప్పుడు ఆపితే రేపు పేపర్లు ఏం రాస్తాయో తెలుసా అన్నాడు. కెమెరా కనబడినప్పుడల్లా నవ్వుతూ, మధ్యలో సబ్సిడీ గురించి ఉపన్యాసం ఎత్తుకున్నాడు.

కళ్ళజోడు కాడలోంచి బావ గొంతు వచ్చింది. రాత్రంతా నిద్రలేని గొంతు, అయినా నిదానంగా ఉంది.

"ఒరేయ్, డాష్‌బోర్డ్ కింద చెవి పెట్టు. పంపు చప్పుడు వినిపిస్తోందా? సన్నగా, కుక్కర్ పొంగే ముందులా."

"సార్, కాసేపు నోరు మూసుకోండి," అన్నాడు మూగాయన మంత్రితో. మంత్రిగారితో ఆ మాట అన్నవాళ్ళు అంతకు ముందు లేరు కాబట్టి ఆయన నిజంగానే మూసుకున్నాడు. మూగాయన చెవి ఆనించాడు.

"ఏమీ వినిపించట్లేదు బావా. నిశ్శబ్దంగా ఉంది."

"కింద కార్పెట్ మీద చెయ్యి పెట్టు."

పెట్టాడు. ఇప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా వెచ్చగా ఉంది. కుర్చీకి తగిలించిన ఆ చొక్కా గుర్తొచ్చింది. "వేడెక్కింది బావా," అన్నాడు. టైము తొమ్మిదీ నలభై తొమ్మిది.

"వెనక సీటు కింద నారింజ రంగు పిడి ఉంటుంది, బ్యాటరీని విడగొట్టేది. రెండు చేతుల్తో లాగు. గట్టిగా."

సీట్ల మధ్యలోంచి వెనక్కి పాకాడు. కళ్ళజోడు జారింది, మీసం ఊడి మంత్రి భుజం మీద పడింది. సీటు ఎత్తాడు. పిడి మొండికేసింది. కాలు తన్నిపెట్టి రెండోసారి లాగాడు, ఊడొచ్చింది. మీటరు ఆరిపోయింది. కారు నాలుగు గజాలు దొర్లి, సభ గేటుకు మూడు వందల మీటర్ల దూరంలో ఆగిపోయింది. కింద నుంచి ప్లాస్టిక్ కమిలిన వాసన ఒక్కసారి వచ్చి, అక్కడితో తగ్గిపోయింది.

మంత్రి దిగి, భుజం మీది మీసం దులుపుకుని, నడక ఆరోగ్యానికి మంచిదని కెమెరాలకు చెప్పి నడుచుకుంటూ వెళ్ళాడు. అందుకే ఆయన మంత్రి అయ్యాడు.

బిల్లు ఆరు ఓట్ల తేడాతో గట్టెక్కింది. సాయం సగానికి కోసేశారు, అదీ చిన్న కార్లకే. జరిగింది మాత్రం రహస్యం కాబట్టి పేపర్లకు తెలిసింది ఒకటే, మంత్రిగారి కారు గుమ్మం దాకా వచ్చి చతికిలబడిందని. బావ పదేళ్ళ పని మీద సాయంత్రానికల్లా కార్టూన్లు పడ్డాయి. మూగాయన వాటినన్నిటినీ వరసగా చూశాడు. అది తనకు పడాల్సిన శిక్షే అనిపించింది. పెద్దాయన వేసిన శిక్ష వేరు, రేపటి నుంచి రికార్డు రూమ్.

ఆరింటికి అక్క ఇంటికి వెళ్ళాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు. చొక్కా ఇంకా కుర్చీకే ఉంది. బావ పాత లుంగీలో కూర్చుని గోళ్ళు కత్తిరించుకుంటున్నాడు.

"అక్కా, ఆ టేపులో గొంతు నాది," అన్నాడు.

అక్క గుమ్మం దగ్గరికి వచ్చింది. "నాలుగుసార్లు చేశాన్రా నీకు. నాలుగుసార్లూ కనుక్కుంటానన్నావు," అంది. చొక్కా తీసి మడతపెట్టుకుని లోపలికి వెళ్ళింది. మూగాయనకు అక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది.

"నాకు తెలుసు," అన్నాడు బావ తల ఎత్తకుండా. "రాత్రి పదిసార్లు వినిపించార్రా ఆ టేపు. చిన్నప్పట్నుంచీ వింటున్నాను ఆ దగ్గు."

"మరి చెప్పలేదేం బావా?"

"నిన్ను షెడ్డుకి తీసుకెళ్ళింది ఎవరు? నేనే కదా, గొప్ప చూపించుకోడానికి. ఇంక నీ పేరెలా చెప్పను?"

పదకొండు రోజుల కథ, కుర్రాళ్ళ పాఠం, ఆ పేరు, అన్నీ తప్పు మనిషికి ఇచ్చారని మూగాయనకు అనిపించింది. గుమ్మంలోనే కళ్ళు తుడుచుకున్నాడు.

బావ కుర్చీ ముందుకు తోశాడు, కూర్చోమన్నట్టు.

"మీ పెద్దాయన అంతా చెప్పారులే. ఇంతకీ ఆవిడ ఒప్పుకుందా? వాదనలో?"

"లేదు బావా. ఆ ఎర్ర కారు ఆఫీసుదట. ఆవిడ సొంతది పెట్రోలు కారు."