ఒక్కసారే చెప్పిన పేజీ

ఉదయం ఏడున్నరకు నాచారంలోని ఆ ఇంట్లో ఫోను మోగేది. సుశీలమ్మ కాఫీ గ్లాసు పక్కకు జరిపి, ఫోనును స్పీకరు మీద ఉంచి, పాత కంప్యూటరు ముందు కూర్చునేది. మౌలాలి నుంచి తారామణి చెప్పేది. సుశీలమ్మ టైపు చేసేది. తారామణి రైల్వే ఆస్పత్రిలో ముప్పై ఆరేళ్ళు నర్సుగా పనిచేసింది. చూపు మందగించాక తన జీవితాన్ని పుస్తకంగా రాయించుకోవాలనుకుంది. సుశీలమ్మ ప్రెస్సులో ఇరవై ఎనిమిదేళ్ళు డీటీపీ చేసిన మనిషి. టైపు చేసేటప్పుడు తెర వైపు చూడదు. కిటికీలోంచి బయటికి చూస్తుంది. చెవి నుంచి వేళ్ళకు పోయే మాట దారిలో మరెక్కడా ఆగకూడదన్నది ఆమె నియమం.

ఆ కంప్యూటరులో పాత విండోస్ మొరాయించినప్పుడు, కొడుకు హృషికేశ్ దాని బదులు లినక్స్ వేస్తానన్నాడు. తెర మీద ఏ డెస్క్‌టాప్ పెడితే ఆ ముసలి యంత్రం మోయగలదో మూడు సాయంత్రాలు చదివాడు. గ్నోమ్ బరువు. కేడీఈకి అలంకారాలు ఎక్కువ. ఎక్స్‌ఎఫ్‌సీఈ మధ్యస్థం. ఎల్‌ఎక్స్‌క్యూటీ అన్నిటికన్నా తేలిక. రెండు జీబీల ర్యామ్‌లో ఎంత మిగులుతుందో లెక్క కట్టి చివరిదాన్ని ఎంచుకున్నాడు. తెలుగు కోసం పాతదానిలోలాగా వేరే ప్రోగ్రాం పెడితే అదొక భారమని, లినక్స్‌తోపాటు వచ్చే తెలుగు కీబోర్డుతో సరిపెట్టాడు. దాని ముందు కూర్చునే మనిషి ఏం చేస్తుందో, ఎలా చేస్తుందో మాత్రం అడగలేదు. అడగవలసిన విషయమని అతనికి తోచనేలేదు.

లినక్స్ వేసిన మర్నాడు ఉదయం తారామణి గొంతు వేరుగా ఉంది.

"సుశీలా, ఇయ్యాల చెప్పేది ఒక్కసారే చెప్త. మల్ల అడగకు. నాతోని గాదు."

సుశీలమ్మ వేళ్ళు అరగంటసేపు ఆగలేదు. కళ్ళ నుంచి కారిన నీటిని తుడుచుకోవడానికి కూడా ఆమె చెయ్యి ఎత్తలేదు.

"కొట్టినవా?" అంది తారామణి చివర.

"కొట్టాను."

ఫోను పెట్టేసి తెర వైపు చూసింది. పేజీ నిండా తెలుగు అక్షరాలే. ఒక్క పదానికీ అర్థం లేదు.

"హృషీ, కీబోర్డు మారింది" అంది ఆ రోజే.

"అదే కీబోర్డమ్మా, నేను ముట్టుకోలేదు. తెలుగు వస్తోంది కదా!"

మర్నాడు ప్రయత్నించింది. ఆ మర్నాడూ ప్రయత్నించింది. ప్రతిసారీ అదే అర్థంలేని గుంపు. తారామణి ఫోను చేస్తే, "నాకు ఒంట్లో బాగాలేదు, కొన్నాళ్ళు ఆగుదాం" అంది. పేజీ పోయిందని చెప్పలేకపోయింది. విన్నది గుర్తుంది కదా, తిరిగి రాయవచ్చునని ఎవరైనా అనవచ్చు. కానీ మరొకరి దుఃఖాన్ని తన వాక్యాలలో రాసి, ఇది నువ్వు చెప్పినదే అనడం సుశీలమ్మ దృష్టిలో దొంగతనం.

ఇంట్లో గొంతులు తగ్గాయి. అత్తగారు ఆపిందో లేదోనని కోడలు సాయి ప్రియ గ్యాసు స్టవ్వు రెండుసార్లు చూసుకోవడం మొదలుపెట్టింది. డాక్టరుకు చూపించడానికి హృషికేశ్ ఆ పేజీని ప్రింటు తీసి ఫైలులో పెట్టాడు. ఉప్పల్‌లో జ్ఞాపకశక్తి పరీక్షలు చేసే డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకున్నాడు. పందొమ్మిది రోజులలో, తన బుద్ధి చెదిరిందన్న వాళ్ళ అనుమానాన్ని సుశీలమ్మ కూడా నమ్మింది. అంతకన్నా దారుణం మరొకటి లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళే దారిలో ఆమె కారు ఆపించింది.

"శివ కొట్టు ఇక్కడే. ఐదు నిమిషాలు."

"అమ్మా, పదకొండుకే టోకెన్."

"నా బుద్ధిని పరీక్షించేవాళ్ళు ఐదు నిమిషాలు ఆగుతారు."

శివ ఒకప్పుడు ప్రెస్సులో ఆమె దగ్గర పని నేర్చుకున్నాడు. ఇప్పుడు నెరిసిన మీసాలతో సొంత డీటీపీ సెంటరు నడుపుతున్నాడు.

"రాండ్రి మేడం! ఎన్నేండ్లయింది! జర కూసోండ్రి, చాయ్ తెప్పిస్త."

"చాయ్ వద్దు. చేతిరాత కాగితం ఏదైనా ఇవ్వు."

అతడు ఒక గృహప్రవేశ పత్రిక చిత్తు ఇచ్చాడు. ఆమె ఒకసారి చదివి, మెట్రో స్తంభాల వైపు చూస్తూ కొట్టింది. శివ వంగి తెర మీద చదివి హృషికేశ్ వైపు తిరిగాడు.

"ఒక్క తప్పు లేదు సార్! మేడం నా కొట్లకొస్తే నేను ఇంట్ల పండుకోవాలె ఇగ."

సుశీలమ్మ నవ్వలేదు. కొడుకు చేతిలోని ఫైలులోంచి కాగితం తీసి అతని ముందు పెట్టింది. శివ రెండు వరుసలు చూశాడు.

"గిదేంది... మేడం చెయ్యి యాపిల్ లేఔట్ కొట్టింది. మా డీటీపీల అందరం గదే కొడ్తం. మిషిన్‌ల ఇన్‌స్క్రిప్ట్ లేఔట్ ఉన్నది. అక్షరాల జాగలు వేరే, గంతే. గిసొంటియి మస్తు జూసిన సార్."

హృషికేశ్ కాగితాన్ని మళ్ళీ చూశాడు. "అంటే... నేను పెట్టిన..."

"ఆ యంత్రానికి ఏది బరువో, ఏది తేలికో మూడు సాయంత్రాలు చదివావు" అంది సుశీలమ్మ. గొంతు పెంచలేదు. "నా గురించి మూడు నిమిషాలు అడగలేదు. కీబోర్డు మారిందని నేను చెబితే నా మెదడు మారిందనుకున్నావు. ఆ యంత్రం పాతదైతే దానికి తగినది వెతికావు. నేను పాతదాన్నైతే డాక్టరును వెతికావు."

"తప్పయిపోయిందమ్మా."

ఆమె మౌలాలికి ఫోను చేసింది. తారామణి కోడలు ఎత్తింది.

"అత్తమ్మకు మాట పడిపోయింది ఆంటీ. మొన్న సోమవారం సంది. మనం చెప్పేది ఇంటది గని, మాట్లాడలేదు. అంతకు ముందయితే రోజూ అడిగేది, సుశీలకు నయమైందా అని."

"డాక్టరు అక్కర్లేదు, ఇంటికి పద" అంది సుశీలమ్మ కొడుకుతో. తరువాత ఆ కాగితాన్ని మడతపడకుండా తీసుకుని లేచింది.

ఇంట్లో భోజనాల బల్ల మీద కాగితం పరిచారు.

"చిన్న ప్రోగ్రాం రాస్తే నిమిషంలో మారిపోతుందమ్మా" అన్నాడు హృషికేశ్.

"అక్కర్లేదు. ఒక్కొక్క అక్షరం నువ్వే చదువు."

అతడు కాగితంలోని అక్షరాన్ని ఇన్‌స్క్రిప్ట్ పటంలో వెతికి మీట చూపించాడు. ఆ మీట మీద వేలు పెట్టి ఆమె అసలు అక్షరం పలికింది. సాయి ప్రియ నోటుపుస్తకంలో రాసింది. సాయంత్రానికి తారామణి గొంతు కాగితం మీదికి వచ్చింది.

"ఆ దినం నా డ్యూటీ రెండు గంటలకే అయిపోయింది. ఇంట్ల బిడ్డకు జరం. సుశీలకు కాన్పు కష్టమైంది. నా చెయ్యి ఇడువలే. నాలుగున్నరకు మగపిల్లగాడు పుట్టిండు."

హృషికేశ్ వేలు పటం మీద ఆగిపోయింది. "అమ్మా, ఈ పిల్లవాడు..."

"చదువు."

"నేను ఇంటికి పోయేటాల్లకు నా బిడ్డ లేదు. సుశీలకు ఇయ్యాల్టి దాంక చెప్పలే. కొడుకు పుట్టిన సంబురంల ఉన్నోళ్ళకు ఎట్ల జెప్త?"

సాయి ప్రియ కలం కింద పెట్టి కళ్ళు తుడుచుకుంది. హృషికేశ్ తల్లి మోకాళ్ళ మీద తల ఆనించాడు. సుశీలమ్మ చెయ్యి కాసేపు గాలిలోనే ఉండి, చివరికి అతని జుట్టు మీద వాలింది.

"లే. ఇంకొక్క వాక్యం ఉంది."

మర్నాడు హృషికేశ్ కంప్యూటరులో ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ పెట్టాడు, తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతిదీ అడిగి. యాపిల్ లేఔట్ ప్రోగ్రాం కూడా పెట్టాడు. యంత్రం తెరుచుకోవడానికి కొంచెం ఎక్కువసేపు పడుతోంది. ఆ ఆలస్యం ఎవరికీ బాధ కలిగించలేదు.

ఆ మరుసటి ఉదయం ఏడున్నరకు ఫోను ఇటునుంచి వెళ్ళింది. మౌలాలిలో కోడలు దాన్ని తారామణి చెవి దగ్గర పెట్టింది.

"తారా, పేజీ ఉంది. పోలేదు" అంది సుశీలమ్మ. కాగితం కొడుకుకు ఇచ్చింది.

హృషికేశ్ నిలబడి చదివాడు. చివరి వాక్యాన్నీ చదివాడు.

"నా బిడ్డ పేరు ఆమని."

అవతల నుంచి మాట రాలేదు. శ్వాస మాత్రం వినిపించింది, బరువుగా, తడిగా, చాలాసేపు. సుశీలమ్మ కిటికీ వైపు చూస్తూ విన్నది. ఆమె వేళ్ళు మీటల మీద సిద్ధంగా ఉన్నాయి.