నూకరత్నం నంబరు

నూకరత్నం ఈతకొలను గోడ తాకి తలెత్తేసరికి బోర్డు మీద ఆమె టైము పడింది: 2:06.3. పక్క లేనులో ఎస్తేరు దాదాపు రెండు సెకన్ల ముందే ముగించింది. రెండు వందల మీటర్ల ఫ్రీస్టైల్‌లో ఆసియా పోటీలకు ఎస్తేరు ఎంపికైంది. గ్యాలరీలో కూర్చున్న డాక్టర్ భానోజీ తన టాబ్లెట్ చూసుకున్నాడు. 'తరణి' నిన్న చెప్పిన టైములకూ ఇవాళ్టి టైములకూ తేడా సెకనులో పదో వంతు.

తరణి ఆయన పదకొండేళ్ల శ్రమ. ఈతగాళ్ల భుజానికి అంటించే పల్చటి సెన్సర్ అది. ప్రాక్టీసులో చెయ్యి ఎలా పడుతోంది, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, కండరం ఎప్పుడు అలిసిపోతోంది, అన్నీ రాసుకుంటుంది. ఆరు వారాల ప్రాక్టీసు చూసి, అసలు పోటీలో ఎంత టైము వస్తుందో చెప్పేస్తుంది. విశాఖలోని ఆ శిక్షణ కేంద్రానికి తరణి వచ్చాక కోచ్ సుగుణ స్టాప్‌వాచ్ వాడటమే మానేసింది. పోటీకి ముందురోజు అందరి నంబర్లూ గోడకు అంటించేవారు.

నిన్న జాబితా అంటించినప్పుడు సుగుణ రత్నం పేరు రెండుసార్లు చూసుకుంది.

"రత్నం ముందుంటుందనుకున్నాను," అంది.

"కళ్లు పొరబడతాయి మేడమ్. లెక్క పొరబడదు," అన్నాడు భానోజీ.

మూడు వారాల తర్వాత, పరిశోధనా పత్రం రాస్తూ ఆయన పాత ఫైళ్లు తెరిచాడు. ఈతలో చేతి విసురు దస్తూరీ లాంటిది, ఒకరిది ఇంకొకరికి రాదు. ఎస్తేరు పేరున్న ఫైలులో ఎడమచెయ్యి ప్రతిసారీ రవ్వంత ఆలస్యంగా పడుతోంది. చిన్నప్పుడు ఎడమభుజం జారింది రత్నానికి, ఎస్తేరుకి కాదు. మొదటిరోజు సెన్సర్లకు పేర్లు ఎక్కించింది భానోజీయే. ఇద్దరివీ తారుమారు చేశాడు. తరణి 2:04.3 అన్నది రత్నాన్ని చూసి. 2:06.2 అన్నది ఎస్తేరుని చూసి. అయినా ఇద్దరూ తమకు చెప్పిన టైముకే ఈదారు.

రత్నం అప్పటికే ఈత మానేసి చేపల రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో చేరింది. భానోజీ అక్కడికే వెళ్లి, ఆమె అసలు నంబరుతో సహా దాచకుండా చెప్పాడు.

"ఆఖరి ముప్ఫై మీటర్లలో నాకింకా ఊపిరుంది సార్," అంది ఆమె. "ఎస్తేరు కాళ్లు కనబడతన్నాయి. అందుకోగలననిపించింది కూడా. మళ్లీ, నా నంబరింతే కదా అనుకున్నాను. నా ఒంటి సంగతి నాకన్నా మిషనుకే బాగా తెలుసుననుకున్నాను."

"తప్పు నాదమ్మా. పైవాళ్లకు రాస్తాను."

"నీళ్లలో గెలిచింది ఎస్తేరే కదా సార్. దానికి చెప్పేరా?"

"లేదు."

"చెప్పకండి. ఎల్లుండే దాని పోటీ. చెబితే 2:06కి పడిపోద్ది."

భానోజీ చెప్పలేదు. తరణిని అమ్మే కంపెనీకి మాత్రం ఉత్తరం రాశాడు, పోటీ అయ్యేదాకా నంబర్లు ఈతగాళ్లకు చూపించవద్దని. కంపెనీ రెండు నెలలు పరీక్షించి జవాబిచ్చింది. నంబరు దాచిపెడితే అంచనాలు తరచూ తప్పుతున్నాయట. అందుకని ఇకమీదట నంబరు ఈతగాళ్లకు తప్పనిసరిగా చూపించాలని నిబంధన పెట్టారు.

ఆయన మళ్లీ రేవుకు వెళ్లాడు. సుగుణ పిలుస్తోందని, వచ్చి ఒక్కసారి ఈదమని రత్నాన్ని అడిగాడు.

"వస్తే 2:04.3 కోసమే ఈదుతాను సార్," అంది రత్నం. "అంతకన్నా ఈదగలనేమో అని ఒకప్పుడు అనుకునేదాన్ని. ఇప్పుడు అనుకుందామన్నా రావట్లేదు."

లోపల ఎవరో పిలిచారు. ఆమె వెళ్లిపోయింది.